చలపతిరావుగారి కాకి

చలపతిరావుగారు దేన్నీ మొదటిసారికి ఒప్పుకోరు. ఎదుటిమనిషి మాట్లాడుతున్నా, పాడుతున్నా, తాళి కట్టించుకుంటున్నా సరే, మధ్యలో కుడిచెయ్యి పైకెత్తి "కట్! వన్ మోర్!" అంటారు. అని ఊరుకుంటే ఫరవాలేదు, కారణం కూడా చెబుతారు. ఆ కారణం ఫ్యాను చప్పుడు కావచ్చు, బల్బు మిణుకుమనడం కావచ్చు, పక్కింటి మిక్సీ కావచ్చు. ఏదీ దొరక్కపోతే కాకి. కాకి మాత్రం ఆయనకి ఎప్పుడూ దొరుకుతుంది.

ఫిలింనగర్‌లో ముప్ఫై ఏళ్ళు కో-డైరెక్టరుగా చేసిన మనిషి. కో-డైరెక్టరంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: సినిమా ఆడితే డైరెక్టరు తీశాడంటారు, పోతే కో-డైరెక్టరు ఏం చేస్తున్నాడంటారు. ఆర్టిస్టుకి డైలాగు అందించడం, జనాన్ని నిలబెట్టాల్సిన చోట నిలబెట్టడం, డైరెక్టరుగారి కోపాన్ని లంచ్ దాకా మొయ్యడం ఆయన ఉద్యోగం. "కట్" అనే హక్కు నిజానికి డైరెక్టరుది. చలపతిరావుగారు దాన్ని సెట్లోనూ, సెట్ బయటా సొంత సొత్తులా వాడేసుకున్నారు.

ఒకసారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర హెల్మెట్ లేదని ఒక కొత్త కానిస్టేబుల్ ఆయన బండి ఆపాడు. వెనక ఎస్సై నిలబడి చూస్తున్నాడు. ఆ కుర్రాడు ఏ సెక్షనో చెప్పబోయి తడబడ్డాడు. మళ్ళీ మొదలెట్టి మళ్ళీ తడబడ్డాడు.

"కట్!" అన్నారు చలపతిరావుగారు బండి మీంచే. "బస్సు హారన్ అడ్డం పడింది. నీ మాట వినపళ్ళేదు నాయనా. మొదట్నుంచి చెప్పు. గడ్డం కాస్త పైకెత్తు."

కానిస్టేబుల్ గడ్డం పైకెత్తి, సెక్షన్ గడగడా అప్పజెప్పి, చలానా చేతిలో పెట్టాడు.

"అదీ లెక్క!" అని భుజం తట్టి మరీ వచ్చారు. సొంత జరిమానాని ఇంత శ్రద్ధగా డైరెక్ట్ చేసుకున్నవాడు ఆ చెక్‌పోస్టు చరిత్రలో ఇంకొకడు ఉండడు.

ఇక ఆయన పెళ్ళి సంగతి భీమవరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గట్టిమేళం మోగుతోంది, అక్షింతలు లేచాయి, ఆయన తాళి పట్టుకుని పెళ్ళికూతురి మీదికి వంగారు. వంగినవారు అలాగే ఆగి, చెయ్యెత్తి, "కట్! జనరేటరు చప్పుడు!" అన్నారు. పంతులుగారు లబలబలాడారు. "ముహూర్తానికి వన్ మోర్ ఉండదు బాబూ!" అని మామగారు చేతులు పట్టుకున్నారు. పెళ్ళికూతురి మేనత్తలు ఆ తర్వాత నెలరోజులు అల్లుడి పిచ్చి గురించే మాట్లాడుకున్నారు. విచిత్రం ఏమిటంటే ఆ రోజు ఊళ్ళో కరెంటు నిక్షేపంగా ఉంది. జనరేటరు తిరగనే లేదు. ఇదేమిటండీ అని లీలాకుమారిగారిని ఎవరైనా అడిగితే ఆవిడ నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

అలాంటి మనిషి జీవితంలోకి బరాకా జ్యూసు గ్లాసు పట్టుకుని ప్రవేశించాడు.

బరాకాది టాంజానియా. దారెస్సలామ్ నుంచి ఎంబీఏ చదవడానికి హైదరాబాద్ వచ్చి, కిరాయి తక్కువని బోరబండలో నీలమ్మ అనే ఆవిడ ఇంటి మీది గదిలో దిగాడు. కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడేవాడు, తెలుగు నీలమ్మ దగ్గర నేర్చుకున్నాడు. కాబట్టి అతను నోరు తెరిస్తే ఆటోవాళ్ళు బండి ఆపి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

చదువు అయిపోయింది, ఉద్యోగం మాత్రం మొదలు కాలేదు. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ రాఘవేంద్రగారికి విదేశీ విద్యార్థులంటే వల్లమాలిన ప్రేమ. బరాకాని చూసినప్పుడల్లా "నువ్వు మా గ్లోబల్ ఫేస్ బాబూ" అనేవారు. బ్రోషర్ మొదటి పేజీ నిండా బరాకా నవ్వుతూ ఉంటాడు. లోపలి పేజీల్లో ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఫోటోల్లో మాత్రం ఎక్కడా ఉండడు. పోనీ అని జూబ్లీహిల్స్‌లో కెరీర్ సలహాలిచ్చే అద్దాల ఆఫీసులకి వెళ్ళాడు. ఒకాయన నీ రెజ్యూమేలో ఆత్మ లేదన్నాడు. ఇంకొకావిడ ఆత్మ ఎక్కువైంది, తగ్గించాలంది. మూడో చోట ఆత్మ జోలికి పోకుండా ఫోటో మార్చమన్నారు.

అదే రోజుల్లో ఒక స్నేహితుడు షూటింగుకి రమ్మన్నాడు. ఫిలింనగర్‌లో ఓ స్టూడియో ఏసీ ఫ్లోరులో లండన్ సెట్టు వేశారు. లండన్ అన్నాక విదేశీయులు కావాలి గనక కాలేజీల మీద పడి దొరికినవాళ్ళని దొరికినట్టు తెచ్చి, చేతికో గ్లాసిచ్చి నిలబెట్టారు. బరాకా ఎత్తుగా ఉన్నాడని ఒక డైలాగు కూడా ఇచ్చారు. హీరో దగ్గరికి వచ్చి, "సార్, ది డీల్ ఈజ్ యువర్స్" అనాలి. అంతే.

కెమెరా తిరిగింది. బరాకా వచ్చాడు. హీరో అతని వైపు చూశాడు. బరాకాకి ఆ మాట తప్ప ప్రపంచంలో ఉన్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

"కట్!" కేక పెట్టారు చలపతిరావుగారు. "కాకి!"

సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసి బిత్తరపోయాడు. "తలుపులన్నీ మూసి ఉన్నాయి సార్. కాకి ఎక్కడిది?"

"నీకు వినపడదయ్యా. నా చెవిలో పడింది. వన్ మోర్!"

రెండోసారి లైటు మిణుకుమందన్నారు. మూడోసారి మళ్ళీ కాకే వచ్చింది. నాలుగోసారి బరాకా డైలాగు చెప్పేశాడు. కానీ ఈలోపు హీరోగారు గడియారం చూసుకున్నారు. హీరో గడియారం చూసుకోవడం నిర్మాత త్రినాథరావుగారు చూశారు.

"చలపతీ! ఏసీ ఫ్లోరులోకి కాకిని తెచ్చినవాడివి, రేపు మేకప్ రూములోకి ఏనుగుని తెస్తావు. నీకో దణ్ణం, వెళ్ళిరా!" అన్నారు.

సాయంత్రం గేటు బయట టీ బండి దగ్గర ఉద్యోగం రానివాడూ, ఉద్యోగం పోయినవాడూ పక్కపక్కనే నిలబడ్డారు.

"ఏం చదివావోయ్?" అని అడిగారు చలపతిరావుగారు.

"సప్లై చైన్ సార్. టీకాలు, మందులు ఉంటయి గద, గవి చల్లదనం పోకుంట ఒక దేశంకెళ్ళి ఇంకో దేశంకి పంపుడు."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు. "ఇదెక్కడి తెలుగయ్యా!"

"బోరబండది సార్. మా నీలమ్మ నేర్పింది."

"మరి ఉద్యోగం?"

"ఇంటర్వ్యూలకి పోతనే ఉన్న సార్. అన్ని ఎరికే. గాళ్ళు నా దిక్కు చూడంగనే అన్ని ఎగిరిపోతయి."

"అది తెలివితక్కువతనం కాదు. కెమెరా అలవాటు కాని కొత్త ఆర్టిస్టుకి వచ్చే జబ్బు" అన్నారు చలపతిరావుగారు. "ఇంటర్వ్యూ అంటే ఏంటి? ఒక బల్ల, అవతల ముగ్గురు విలన్లు, ఇవతల హీరో. ముప్ఫై ఏళ్ళుగా నేను తీసింది ఆ సీనేగా! నువ్వూ ఖాళీ, నేనూ ఖాళీ. రేపొచ్చెయ్."

లీలాకుమారిగారికి ఫిలింనగర్ సందులో సినిమా డ్రస్సులు అద్దెకిచ్చే దుకాణం ఉంది. దాని మీది గదికి వారం తిరక్కుండా బోర్డు లేచింది: చలపతి ఇంటర్నేషనల్ కెరీర్ స్టూడియో. కింద చిన్న అక్షరాల్లో, విదేశీ విద్యార్థులకు ఇంటర్వ్యూ నటన నేర్పబడును. బరాకా వెంట సూడాన్ వాళ్ళు, నేపాల్ వాళ్ళు కూడా వచ్చి చేరారు. మధ్యాహ్నం భోజనం లీలాకుమారిగారిది. కొందరు భోజనానికే చేరారన్న మాట కూడా ఉంది.

చదువు చెప్పే తీరు చూస్తే రాఘవేంద్రగారికి మూర్ఛ వచ్చేది.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అన్నాడనుకో. అదేంటి? నీ ఎంట్రీ! పేరూ ఊరూ చెబితే జనం లేచి పాప్‌కార్న్‌కి పోతారు. ఒక్క క్షణం ఆగాలి. కిందనుంచి పైకి చూడాలి. అప్పుడు: సరుకు ఎక్కడ ఆగిపోతుందో, అక్కడ నేను మొదలవుతాను!"

"గిది ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె సార్?"

"భావం ముఖ్యమయ్యా. తర్వాత, నీ బలహీనత ఏంటని అడుగుతాడు. హీరోకి ఒకటే బలహీనత. అమ్మ."

"అయిదేండ్ల తర్వాత యాడుంటవ్ అంటే?"

"అది ఇంటర్వెల్. సస్పెన్సులో వదిలెయ్."

ఇంత నేర్చుకుని బరాకా కుర్చీలో కూర్చునేవాడు. చలపతిరావుగారు బల్లకి అవతల కూర్చుని అతని కళ్ళల్లోకి చూసేవారు. అన్నీ ఎగిరిపోయేవి. వెంటనే ఆయన చెయ్యి లేచేది. "కట్! ఫ్యాను!" మర్నాడు "కట్! అనసూయమ్మగారి మిక్సీ!" ఆ మర్నాడు మళ్ళీ కాకి.

చివరికి పక్కింటి అనసూయమ్మగారు మెట్లెక్కి వచ్చారు. "ఏమండీ చలపతిరావుగారూ, మా మిక్సీ కాలిపోయి ఏడాదైంది. రోట్లో రుబ్బుకుంటున్నాను. రోజూ దాన్ని తిడతారేంటి? చచ్చిపోయినదాన్ని తిట్టకూడదండీ."

"మరైతే రోలు అయ్యుంటుందమ్మా. వన్ మోర్!" అన్నారు ఆయన.

బరాకా ఆ రాత్రే, నేను పిచ్చాసుపత్రిలో చేరలేదు కదా అని నీలమ్మని అడిగాడు. "జర ఓపిక పట్టు బిడ్డా. అన్నం మంచిగ పెడుతున్నరంటివి గద" అంది నీలమ్మ.

నెలలు గడిచాయి. వీసాకి ఇంకో నెల మిగిలింది. ఈలోపు ఉద్యోగం రాకపోతే, ఇండియా నుంచి ఏం తెచ్చావని అడిగే ఊళ్ళో ఆ బ్రోషర్ ఒక్కటీ పట్టుకుని దిగాలి. అప్పుడు తూర్పు ఆఫ్రికాకి మందులు ఎగుమతి చేసే ఓ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. కొన్నాళ్ళు ఇక్కడ పని నేర్పించి దారెస్సలామ్ ఆఫీసుకి పంపుతారు. అతనికోసమే కుట్టించినట్టున్న ఉద్యోగం. ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లో. బోరబండ గదిలో కరెంటుని నమ్మలేక స్టూడియోలోనే కూర్చున్నాడు.

లీలాకుమారిగారు కింద దుకాణంలోంచి కోటు తెచ్చి తొడిగారు. అది విలన్ పక్కనుండే రౌడీ కోటు. గుండె దగ్గర బుల్లెట్ తగిలిన బొక్క ఉంది. "చెయ్యి అక్కడ పెట్టుకో నాయనా, కనపడదు" అన్నారు. చలపతిరావుగారు లాప్‌టాప్ వెనక స్టూలు వేసుకుని, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. ఒట్టు కూడా వేశారు.

తెర మీద ఇద్దరు కనిపించారు. కంపెనీ యజమాని రాజ్యలక్ష్మిగారు, హెచ్చార్ మేనేజర్ కమలాకర్ గారు. మొదటి ప్రశ్నలు ఎలాగో గట్టెక్కాయి. ఎంట్రీ డైలాగు చెబితే కమలాకర్ గారు ముఖం చిట్లించారు గానీ, మొదటినుంచీ చెయ్యి గుండె మీదనే ఉంచుకున్న కుర్రాణ్ణి రాజ్యలక్ష్మిగారు కాస్త ముచ్చటగానే చూశారు.

అప్పుడు కమలాకర్ గారు కళ్ళజోడు సవరించుకుని ఇంగ్లీషులో అడిగారు. "చదువు ముగిసి ఇన్ని నెలలైంది. ఇప్పటిదాకా మిమ్మల్ని ఎవరూ ఎందుకు తీసుకోలేదు?"

ఈ ప్రశ్నకి చలపతిరావుగారు డైలాగు రాయలేదు. బరాకా నోరు తెరిచాడు. మాట రాలేదు. తెర మీద రెండు జతల కళ్ళు. కమలాకర్ గారు పెన్ను తీసి ఏదో రాసుకోబోయారు.

"కట్!"

ఆ కేకకి పెన్ను కింద పడింది. చలపతిరావుగారు స్టూలు మీంచి లేచి, తెరనిండా ముఖం పెట్టి నమస్కారం చేశారు. "క్షమించాలమ్మా. మా వైపు కాకి అరిచింది. మీ ప్రశ్న చాలా బాగుంది సార్, ఫీల్ కూడా బాగా పెట్టారు. వన్ మోర్ అడగండి."

"ఎవరండీ మీరు?" అన్నారు కమలాకర్ గారు తెలుగులోకి దిగిపోయి. "అభ్యర్థి పక్కన ఇంకో మనిషి ఉంటే ఇంటర్వ్యూ చెల్లదు, తెలుసా?"

"తప్పంతా నాది సార్. కుర్రాడికేం సంబంధం లేదు. నాకే కాస్త పిచ్చి. ఎవర్నైనా అడగండి, ఫిలింనగర్ అంతా చెబుతారు."

రాజ్యలక్ష్మిగారు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు. "పోనీండి కమలాకర్ గారూ, ఇంకోసారి అడగండి."

ఆయన పళ్ళు కొరుకుతూ మళ్ళీ ఇంగ్లీషులో అడిగారు. ఆ గోలలో బరాకా భయపడటం మర్చిపోయాడు. చెయ్యి గుండె మీంచి తీసేసి, తన కాలేజీ ఇంగ్లీషులోనే చెప్పాడు.

"ఎవరైనా నా వైపు చూస్తే నాకు తెలిసింది కూడా మర్చిపోతాను సార్, అందుకు తీసుకోలేదు. ఇప్పుడూ మర్చిపోయాను. కానీ ఎవరూ చూడనప్పుడు పని మర్చిపోను. కిందటి ఎండాకాలం మా బోరబండలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. మా ఇంటి ఓనరమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. చేపలబండి ఐసులో పెడదామన్నారు అందరూ. గడ్డకడితే ఆ మందు పనికిరాదు, నేను ఒప్పుకోలేదు. కుండ తెచ్చి, తడి ఇసకలో దించి, లోపల గుడ్డ చుట్టి సీసాలు పెట్టాను. కరెంటు వచ్చేదాకా థర్మామీటరు పెట్టుకుని పక్కనే కూర్చున్నాను."

రాజ్యలక్ష్మిగారు ముందుకు వంగారు. "ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఈ పొద్దున కూడా నన్ను తిట్టింది మేడమ్. బాగుంది."

"మీ కోటుకి ఏమైంది?"

"సినిమాలో బుల్లెట్ తగిలింది మేడమ్."

"మేం తెలియజేస్తాం" అన్నారు కమలాకర్ గారు. తెర నల్లబడింది.

ఉద్యోగాలు వెతికినవాడికి ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. బరాకా కోటు విప్పి కుర్చీ మీదికి విసిరాడు. "మీ కాకి నా నౌకరీ తిన్నది సార్!"

చలపతిరావుగారు ఒక్క క్షణం నేల చూశారు. తర్వాత మూలనున్న కర్ర తీసుకుని, "దాని సంగతి తేల్చి వస్తా" అని డాబా మీదికి వెళ్ళిపోయారు. పైనుంచి ఉష్ ఉష్ మని అదిలింపులు వినిపించాయి.

లీలాకుమారిగారు కంచంలో అన్నం పెట్టి, బీరకాయ పచ్చడి వేసి బరాకా ముందుకి జరిపారు.

"కాకి అరిచిందా నాయనా?"

"లేదమ్మా. ఏడ అరిచింది?"

"నేనూ వినలేదు. మా పెళ్ళిలో జనరేటరూ వినలేదు." ఆవిడ పైకోసారి చూసి గొంతు తగ్గించారు. "సరిగ్గా తాళి కట్టబోతుంటే నాకు తుమ్మొచ్చింది. ముహూర్తంలో పెళ్ళికూతురు తుమ్మిందంటే మా మేనత్తలు నన్ను జన్మంతా సాధించేవాళ్ళు. ఈయన కట్ అని అరిచేసరికి పందిరంతా ఈయన్ని తిట్టడంలో పడిపోయింది. నా తుమ్ము ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్ళైందా, నాతో కూడా జనరేటరనే అంటారు."

బరాకా చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఇన్ని నెలలు నేర్చుకున్నావు. ఒక్కసారైనా నువ్వు మర్చిపోయావు అన్నారా నిన్ను?"

అనలేదు. ఫ్యానుని అన్నారు, బల్బుని అన్నారు, చచ్చిపోయిన మిక్సీని అన్నారు. బరాకాకి లండన్ గుర్తొచ్చింది. చేతిలో గ్లాసు, నోట్లో రాని డైలాగు, తలుపులు మూసిన ఏసీ ఫ్లోరులో కాకి. దాని తర్వాత త్రినాథరావుగారి దణ్ణం.

"అమ్మా, గా లండన్ల కాకి... అది నేనేనా?"

"నువ్వే. అడక్కు మాత్రం. అడిగితే కట్ అంటారు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చలపతిరావుగారు చెమట తుడుచుకుంటూ వచ్చి కర్ర మూలన పెట్టారు. "తోలేశాను. మహా మొండిది. నల్లగా ఉంది."

"అవ్ సార్" అన్నాడు బరాకా. "నేను గూడ విన్న. బాగ లొల్లి చేసింది."

చలపతిరావుగారు అనుమానంగా భార్య వైపు చూశారు. ఆవిడ పచ్చడి వడ్డిస్తున్నారు.

మర్నాడు రాజ్యలక్ష్మిగారే ఫోన్ చేశారు. "కమలాకర్ గారు రూల్ ఒప్పుకోదంటున్నారు బాబూ. అందుకని వన్ మోర్ పెట్టాను. సోమవారం ఆఫీసుకి రండి. ఆ కుండ సంగతి మా గోడౌన్ వాళ్ళకి కూడా చెబుదురుగాని. కాకిగారిని మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి."

చలపతిరావుగారు ఇంట్లో ఉండలేదు. ఆఫీసు ఎదుట టీ బండి దగ్గర నిలబడి, మూడో అంతస్తు కిటికీ వైపు చూస్తూ, వచ్చేపోయే కార్ల హారన్లని తిట్టారు. బరాకా కిందికి దిగేసరికి అతని ముఖం చూసి ఏమీ అడగలేదు. "ఆ మెట్లు దిగడంలో ఫీల్ సరిపోలేదు, వన్ మోర్" అన్నారు. కొత్త ఉద్యోగి మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాడు.

మరుసటి ఏడు దారెస్సలామ్ నుంచి బరాకా ఫోన్ చేశాడు. కంపెనీ ఇప్పుడు అతన్ని కూడా ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చోబెడుతోంది. హైదరాబాద్ నుంచి గీతిక అనే అమ్మాయి తెర మీదికి వచ్చిందట. కమలాకర్ గారు యథాప్రకారం కళ్ళజోడు సవరించుకున్నారట. అమ్మాయికి తెలిసిందంతా ఎగిరిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అప్పుడు ఏం చేశావోయ్?"

"చెయ్యి లేపి కట్ అన్న సార్. మా దిక్కు కాకి అరుస్తుంది, ఒక్క నిమిషం ఆగుండ్రి అన్న. గా కమలాకర్ సారు, మీ ఊర్ల గూడ కాకేనా అని మొత్తుకున్నడు. మీ ఇండియా కాకులే సార్, ఎన్కట ఓడల్ల ఒచ్చినయట, ఇప్పుడు మా ఊరంత గవే అన్న. గది నిజమే సార్, కావాల్నంటే ఎవల్నన్న అడుగుండ్రి. గా లొల్లిల పిల్ల నీళ్ళు తాగింది. గడ్డం జర పైకి లేపింది. మంచిగ చెప్పింది."

చలపతిరావుగారు గొంతు సవరించుకున్నారు.

"కట్! లైన్లో ఏదో గరగరమంటోంది. సరిగ్గా వినపళ్ళేదు. మొదట్నుంచి చెప్పు."

లైను అద్దంలా ఉంది. బరాకా మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు.